చలికాలంలో ఢిల్లీకి చీనీ లారీ



మనం చీనీ అంటాము. కోస్తా వారు బత్తాయి అంటారు. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో అదే పండును మోసంబి అంటారు. పేరు ఏదయినా పండు ఒకటే. అనంతపురం జిల్లా తోటల్లో కోసిన ఆ పండు ఢిల్లీ చేరాలంటే దాదాపు 2,000 కిలోమీటర్లు లారీ మీద ప్రయాణం చెయ్యాలి. మామూలు రోజుల్లో ఆ ప్రయాణం ఒక రకం. ధనుర్మాసం, పుష్యమాసం వచ్చేసరికి అది మరొక రకం. అందుకని చలికాలంలో లారీ పంపే రైతు ముందుగా ఏమేమి ఏర్పాటు చేసుకోవాలో ఈరోజు చెప్పుకొందాము. విస్తరణ సిబ్బంది కూడా ఈ సంగతులను రైతులతో కూర్చుని మాట్లాడవలసిందిగా కోరుతున్నాము.

ముందుగా ఒక ప్రశ్న. లారీ బయలుదేరిన తరువాత మీరు డ్రైవరుకు ఫోను చేసి ఏమని అడుగుతారు? "ఎంతవరకు వచ్చినావప్పా? రేపు పొద్దున వేలానికి అందుకుంటావా, లేదా?" అని అడుగుతారు. మీ ఆదుర్దా మీది. కాయ కుళ్ళిపోతుందేమో, ధర తగ్గిపోతుందేమో అని భయం. కాని ఆ మాట విన్న డ్రైవరు నిద్ర మానుకొని, మంచులో బండి నడుపుతాడు. బండిలో అతడొక్కడే ఉండడు. రెండవ డ్రైవరో, క్లీనరో ఉంటాడు. ఒక్కొక్కసారి రైతే సరుకు వెంట పోతాడు. కనుక ఆ ఫోను మాట ఒక ప్రాణానికి సంబంధించిన మాట అని ముందు గుర్తించాలి.

మరి ఆ తొందర నిజంగా అవసరమా? చూద్దాము. గాయం లేకుండా కోసి, గాలి ఆడేటట్లు నింపిన చీనీ కాయ వారం పది రోజులు నిలిచేదే. ఒక రాత్రి బండి ఆగినంత మాత్రాన అది చెడిపోదు. దారిలో కాయ చెడుతున్నదంటే ఆ చెడుగు చాలావరకు తోటలోనే మొదలయి ఉంటుంది. ఆకుపచ్చ బూజు, నీలి బూజు అనేవి తోలు మీది గాయంలో నుంచి లోపలికి పోతాయి. కాయను పట్టి లాగినప్పుడు తొడిమ దగ్గర తోలు చిరుగుతుంది. పైనుంచి గంపలోకి విసిరినప్పుడు తోలు నలుగుతుంది. బూజుకు ఆ సందు చాలు. ఒక కాయ కుళ్ళితే దాని చుట్టూ ఉన్న కాయలకు పాకుతుంది.

అందుచేత మొదటి ఏర్పాటు తోటలోనే చెయ్యాలి. తెల్లవారుజామున మంచు తడి మీద కాయ కోయవద్దు. అప్పుడు తోలు నిండా నీరు పట్టి బిగిసి ఉంటుంది. కొంచెం ఒత్తిడి తగిలినా తోలులోని నూనె బయటికి వచ్చి మచ్చలు పడతాయి. ఎండ వచ్చి ఆకు, కాయ ఆరిన తరువాతనే కొయ్యండి. చేత్తో లాగక కత్తెరతో తొడిమ దగ్గరగా కత్తిరించండి. కింద రాలిన కాయను, గీత పడిన కాయను దూరపు లోడులో కలపకండి. వాటిని దగ్గరి మార్కెట్టుకు అమ్ముకోండి. కోసిన కాయను ఎండలో పోసి ఉంచవద్దు. నీడన పరచి, లోపలి వేడి తగ్గిన తరువాత లారీకి ఎత్తండి.

లారీలో అడుగున, పక్కల వరిగడ్డి మందంగా పరవాలి. క్రేటులలో నింపితే మరీ మంచిది. అడుగు కాయ మీద పై కాయల బరువు పడదు. చీనీ కాయ కోసిన తరువాత కూడా ఊపిరి తీసుకుంటుంది. దానిలో నుంచి వేడి, తేమ వస్తాయి. పట్టా నాలుగు పక్కలా బిగించి కట్టితే ఆ వేడి లోపలే నిలిచిపోతుంది. కనుక కర్నూలు నుంచి నాగపూర్ వరకు పగటి పూట పక్కల పట్టా కొంచెం ఎత్తి, ముందు నుంచి వెనుకకు గాలి పోయే దారి ఉంచండి. ఉత్తరాదికి పోయిన తరువాత రాత్రిపూట పట్టా దించి మంచు తడి పడకుండా చూడండి. తెల్లవారిన తరువాత పట్టా లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే కాసేపు తెరిచి ఆరనివ్వండి. ఉత్తరాది చలి కాయకు శత్రువు కాదు. వేడి, తడి, గాయం, ఈ మూడే శత్రువులు. చలి శత్రువయ్యేది బండిలో ఉన్న మనుషులకు.

ఇక దారి లెక్క. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ పోతుంది. అక్కడినుంచి సివనీ, నర్సింగ్‌పూర్, సాగర్, లలిత్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా ఢిల్లీ చేరుతుంది. టోలు గేట్లు, ఊళ్ళు, ఘాటు రోడ్డు అన్నీ కలుపుకొని గంటకు 40 కిలోమీటర్ల సగటు వేసుకోండి. మొత్తం 50 గంటలు చక్రం తిరగాలి. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పని అని హద్దు పెట్టింది. ఆ లెక్కనే మనం పట్టుకొందాము. ఒకే డ్రైవరయితే వారం రోజుల దారి. ఇద్దరు డ్రైవర్లయితే నాలుగు రోజుల దారి. కనుక ఈ ప్రయాణానికి ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి. క్లీనరును డ్రైవరుగా లెక్క వెయ్యకండి. లైసెన్సు చూసి లెక్క వెయ్యండి.

ఆ నాలుగు రోజులు ఇట్లా పంచుకోవచ్చు. మొదటి రోజు తెల్లవారి బయలుదేరి నిర్మల్ చేరడం. రెండవ రోజు నాగపూర్ దాటి నర్సింగ్‌పూర్ చేరడం. ఆ ప్రాంతం చెరకుకు, బెల్లానికి పేరు పొందింది. చలికాలం చెరకు ట్రాక్టర్లు, ట్రాలీలు రోడ్డు మీద ఎక్కువ. వెనుక దీపం లేని ట్రాలీ చీకట్లో కనపడదు. కనుక అక్కడ రాత్రి నడక పెట్టుకోవద్దు. మూడవ రోజు సాగర్, ఝాన్సీ దాటి సాయంత్రానికి గ్వాలియర్ చేరి ఆగిపోవాలి. ఇంకా ఓపిక ఉన్నా సరే ఆగాలి. ఎందుకంటే అక్కడినుంచి చంబల్, యమునా మైదానాల మంచు మొదలవుతుంది. నాలుగవ రోజు మంచు విడిచిన తరువాత, తొమ్మిది పది గంటలకు బయలుదేరి, ఆగ్రా, మథుర దాటాలి. పల్వల్ దగ్గర తూర్పు పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్ రహదారి ఎక్కి కుండ్లీ చేరితే, అక్కడినుంచి ఆజాద్‌పూర్ దగ్గర. లారీని ఏ వేళకు లోపలికి పంపుతారో మండీ వ్యాపారిని ముందే అడిగి రాసుకోండి.

దీనికి అయిదవ రోజు ఒకటి కలపండి. అది మంచు రోజు. మంచు పడకపోతే ఆ రోజు మిగులుతుంది. పడితే దిగులు లేదు. బాడుగ మాట్లాడేటప్పుడే అయిదు రోజులని మాట్లాడండి. "పొగమంచు వల్ల ఆలస్యమయితే బాడుగలో కోత లేదు" అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఒక్క వాక్యం డ్రైవరుకు ధైర్యం ఇస్తుంది.

ఈ మంచు సంగతి మన ప్రాంతపు వారికి బాగా అర్థం కాదు. మన ఊళ్ళో మంచు పడితే ఎండ రాగానే పోతుంది. ఉత్తరాది మైదానంలో గాలి కదలని, మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నీరు కట్టిన గోధుమ చేలు, నదులు, కాలువలు తేమను ఇస్తాయి. ఆ తేమ నేల దగ్గరనే పొగమంచుగా నిలుస్తుంది. తెల్లవారుజామున అది మరీ చిక్కబడుతుంది. ఒక్కొక్క రోజు మధ్యాహ్నం వరకు విడవదు. 50 మీటర్ల లోపు మాత్రమే కనిపించే మంచును వాతావరణ శాఖ అతి దట్టమైన పొగమంచు అంటుంది.

50 మీటర్లు అంటే ఎంతో లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉన్నదని చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పడుతుంది. అంతలోనే 25 మీటర్లు పోయినాయి. నిండు లోడుతో ఉన్న బండి బ్రేకు పట్టి నిలవడానికి ఇంకొక 30 మీటర్లయినా కావాలి. మొత్తం 55. కనిపించేది 50. ఎంత గొప్ప డ్రైవరయినా ఆ లెక్కను మార్చలేడు. అదే 30 కిలోమీటర్ల వేగమయితే 20 మీటర్లకు అటూ ఇటూగా బండి నిలుస్తుంది. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ దూరం కావాలి.

మంచులో చిక్కుకుంటే డిమ్ లైటే వేసుకోవాలి. బ్రైటు లైటు మంచు మీద పడి తిరిగి కళ్ళలోకే కొడుతుంది. ముందు బండి ఎర్రదీపం పట్టుకొని దాని వెనుకనే అంటుకొని పోవద్దు. ఏమీ కనిపించకపోతే రోడ్డు మీద కాని, రోడ్డు అంచున కాని నిలపకండి. ధాబా ఆవరణలోకో, పెట్రోలు బంకులోకో, లారీలు నిలిపే స్థలంలోకో పూర్తిగా దిగిపోయి నిలపండి. బండి వెనుక, పక్కల మెరిసే టేపు కొత్తది అంటించుకోండి. దారిలో బండి చెడితే జాతీయ రహదారి సహాయానికి 1033, అత్యవసరానికి 112 నంబర్లున్నాయి.

ఇప్పుడు అందరూ తెలుసుకోవలసిన మాట ఒకటి. జనవరిలో ఢిల్లీ రాత్రులు 7, 8 డిగ్రీల వరకు చల్లబడటం మామూలు. ఒక్కొక్క రాత్రి 3, 4 డిగ్రీలకు కూడా దిగుతుంది. మన డ్రైవరు దుప్పటి ఒక్కటి వేసుకొని పోతాడు. అక్కడ చలికి తట్టుకోలేక, కుంపటిలో బొగ్గులు వేసి, క్యాబిన్ అద్దాలు మూసుకొని పడుకుంటే, తెల్లవారి మళ్ళీ లేవకపోవచ్చు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలంలో ఉత్తరాదిన ఇటువంటి మరణాలు జరుగుతూనే ఉన్నాయి. కనుక ఎవరూ బండిలో నిప్పు పెట్టుకోవద్దు. మనిషికి రెండు మందపు రగ్గులు, స్వెటరు, మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ ఇచ్చి పంపండి. లోడు ఖర్చులో అది ఎంత?

బండిని కూడా చూసుకోవాలి. మన మధ్యాహ్నపు ఎండలో 110 పౌన్ల గాలి పట్టిన టైరులో, ఢిల్లీ తెల్లవారు చలికి 8, 9 పౌన్లు తగ్గిపోతుంది. అందుకని దారిలో ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. బ్యాటరీ, వైపరు, లైట్లు, స్టెప్నీ, జాకీ బయలుదేరకముందే పరీక్షించండి. లోడు ఎత్తిన వెంటనే కాటా వెయ్యండి. 10 చక్రాల లారీకి, సరుకుతో కలిపి మొత్తం బరువు హద్దు 2018 నుంచి 28.5 టన్నులు. అయినా మీ బండి ఆర్.సి.లో రాసిన బరువే మీకు ప్రమాణం. అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన టన్నుకు 2,000 చొప్పున పడుతుంది. బ్రేకు పట్టే దూరం పెరగడం వేరే నష్టం.

కాగితాల్లో ఆర్.సి., ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, బీమా, కాలుష్య సర్టిఫికెట్, లైసెన్సులు, సరుకు బిల్లు ఉండాలి. బండి బీమా సరుకుకు వర్తించదు. సరుకు బీమా వేరుగా తీసుకోవాలి. చలికాలంలో కాలుష్యం ముదిరిన రోజుల్లో ఢిల్లీలో లారీల మీద ఆంక్షలు పెడతారు. బయటి రిజిస్ట్రేషను గల సరుకు బండ్లలో బి.ఎస్. 6 కంటె పాత వాటి మీద 2025 నవంబరు 1 నుంచి నిబంధనలు బిగిసినాయి. బండి కుదుర్చుకొనే ముందే దాని ఇంజను ఏ ప్రమాణానిదో చూడండి. ఢిల్లీ పొలిమేరలో నిలబడి తెలుసుకోవలసిన సంగతి కాదది.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. కోత ఎప్పుడు, లోడు ఎప్పుడు, ఏ రాత్రి ఎక్కడ మజిలీ, మండీ వ్యాపారి నంబరు, మంచు రోజు, ఇవన్నీ ఒక్క కాగితం మీద రైతు చేత, డ్రైవరు ఎదుట రాయించండి. ఒక ప్రతి రైతు దగ్గర, ఒక ప్రతి బండిలో ఉండనివ్వండి. వాతావరణ శాఖ వారి పొగమంచు హెచ్చరికలను బండి నాగపూర్ చేరినప్పటినుంచి రోజూ రెండు పూటలా చూసి డ్రైవరుకు చెప్పండి.

రైతు సోదరులారా! తోటలో జాగ్రత్త పడితే రోడ్డు మీద తొందర పడనక్కరలేదు. ఈసారి బండి గ్వాలియర్ చేరినప్పుడు మీరు ఫోను చెయ్యండి. చేసి, "ఎప్పుడు చేరుతావు" అని అడగకండి. "అన్నం తిన్నావా? మంచు విడిచేదాకా పడుకో నాయనా, కాయకు ఏమీ కాదు" అని చెప్పండి. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగేటట్లు కాయ కోయించి, లోడు కట్టించి పంపడమే ఈ ప్రయాణానికి అసలయిన ఏర్పాటు.

ఇక సెలవు.