తూనీగ కళ్లతో అడవి, తేనెటీగ కోసం తోట

ఇతర జీవుల పట్ల జాలి మనిషికి కొత్త కాదు గాని, వాటి అనుభవంలోకి కొంతసేపైనా ప్రవేశించి అక్కడి నుంచి లోకాన్ని గ్రహించే సహానుభూతిని కంప్యూటర్ల సాయంతో కలిగించాలని చూసే కళ ఇటీవలి కాలంలోనే విస్తరించింది. ప్రేక్షకుడి కదలికకో, శ్వాసకో, ఎంపికకో స్పందిస్తూ తన రూపాన్ని మార్చుకునే ఈ తరహా సృష్టిని ఇంటరాక్టివ్ డిజిటల్ కళ అంటారు.

మార్ష్‌మాలో లేజర్ ఫీస్ట్ అనే కళాబృందం 2015లో ఇంగ్లండ్‌లోని గ్రైజ్‌డేల్ అడవిలో ప్రదర్శించిన ‘ఇన్ ది ఐస్ ఆఫ్ ది యానిమల్’ ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. లేజర్ కిరణాలు వస్తువులను తాకి తిరిగి వచ్చే వ్యవధిని బట్టి దూరాలను కొలిచే లైడార్ పద్ధతిలో ఆ అడవినే బిందువుల సమూహంగా నమోదు చేసి, దోమను పోలిన చిన్న కీటకం, తూనీగ, కప్ప, గుడ్లగూబ దానిని ఎలా గ్రహిస్తాయో ఊహించి చిత్రించారు. చెట్ల మధ్య వేలాడే, నాచు కప్పిన గోళాకారపు హెడ్‌సెట్‌లో సందర్శకుడు తల దూర్చితే అడవి మరో రూపంలో కనిపించేది. వీపుకు తగిలించిన పరికరం శబ్దాలను కంపనాలుగా అతని ఒంటికి అందించేది. రక్తం పీల్చే కీటకాలు జంతువులు విడిచే కార్బన్ డయాక్సైడ్ జాడ పట్టి వాటిని చేరతాయి కనుక, మన కంటికి కనిపించని ఆ వాయువుకు ఇందులో రూపం దొరికింది. భూమిని వేడెక్కిస్తున్న వాయువు కూడా అదే కావడం గమనించదగినది.

అయితే తూనీగ చూపు నిజంగా మనిషికి అందుతుందా అన్నది వేరే ప్రశ్న. ప్రతి జీవీ తన ఇంద్రియాలు అందించినంత మేరకే ఏర్పడిన సొంత పరిసర ప్రపంచంలో బతుకుతుందని జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ యూక్స్‌క్యూల్ గత శతాబ్ది తొలినాళ్లలోనే ప్రతిపాదించగా, గబ్బిలంలా ప్రవర్తించడం మనకెలా ఉంటుందో ఊహించగలమే తప్ప గబ్బిలానికి ఎలా ఉంటుందో తెలుసుకోలేమని తత్త్వవేత్త థామస్ నేగెల్ 1974లో వాదించాడు. వేలాది చిన్న కటకాలతో కూడిన తూనీగ సంయుక్త నేత్రం గ్రహించే అతినీలలోహిత కాంతిని మనకు చూపాలంటే మనకు తెలిసిన రంగుల్లోకే మార్చక తప్పదు. అందువల్ల ఇటువంటి కళ విలువ మరో జీవి చూపును ఇవ్వడంలో కంటే, మన చూపే సంపూర్ణమన్న నమ్మకాన్ని కదిలించడంలో ఉందనాలి.

ఈ పరిమితిని బాగా గుర్తించిన కళాకారిణి బ్రిటన్‌కు చెందిన అలెగ్జాండ్రా డైసీ గిన్స్‌బర్గ్. ఉత్తర తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది కెన్యాలో 2018లో మరణించిన మరుసటి ఏడు, ఆమె ‘ది సబ్‌స్టిట్యూట్’ అనే సృష్టిలో నిలువెత్తు డిజిటల్ ఖడ్గమృగాన్ని తెరపై నిలిపింది. మొదట చతురస్రపు ముక్కలుగా ఉండే ఆ బొమ్మ క్రమంగా స్పష్టమై నిజమైన జంతువులా తోస్తుంది గాని, దానికి బతకడానికి అడవీ లేదు, సాటి జంతువూ లేదు.

ఆమె తర్వాతి ప్రయత్నమైన ‘పాలినేటర్ పాత్‌మేకర్’ మరింత సాహసోపేతం, ఎందుకంటే ఇందులో కళను ఆస్వాదించవలసింది మనిషి కాదు, పరాగసంపర్కం చేసే కీటకాలు. ఇంగ్లండ్‌లోని ఈడెన్ ప్రాజెక్ట్ కోరికపై మొదలైన ఈ పనిలో, నిర్ణీత సూచనల క్రమంలో లెక్కలు కట్టే ఆల్గోరిథమ్ ఒకటి వీలైనన్ని ఎక్కువ రకాల కీటకాలకు ఆహారం దొరికేలా మొక్కలను ఎంచి వాటి అమరికను నిర్ణయిస్తుంది. సహానుభూతి అన్న మాటకు ఇక్కడ అర్థం భావోద్వేగం కాదు, అధిక సంఖ్యలో కీటక జాతులకు ఉపయోగపడటమే. లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లోనూ బెర్లిన్‌లోనూ ఇటువంటి తోటలు వెలిశాయి. ఆసక్తి గలవారు ఇంటర్నెట్‌లో తమ స్థలం కొలతలు, నేల స్వభావం తెలిపి సొంత తోటకు నమూనా పొందవచ్చు, అది కీటకాల దృష్టికి ఎలా ఉండవచ్చో తెరపై చూసుకోనూవచ్చు. ఎరుపును గుర్తించలేని తేనెటీగకు నచ్చిన అమరిక యజమాని అభిరుచికి సరిపోకపోవచ్చు, కాని ఆ అభిరుచిని పక్కన పెట్టి, పార పట్టి నేల తవ్వవలసింది ఆ యజమానే. హెడ్‌సెట్‌తో కొద్ది నిమిషాల్లో ముగిసే అనుభవం కంటే ఈ పద్ధతి ప్రేక్షకుడిని లోతుగా బాధ్యుణ్ణి చేస్తుంది.

ఆల్గోరిథమ్ ఎంపికలో మొక్కల పూత కాలాలు కీలకం. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ పూలు ముందుగా విచ్చుకోవడం, వాటిపై ఆధారపడిన కీటకాలు వెలువడే సమయంతో ఆ పూతకు పొత్తు తప్పడం పలుచోట్ల శాస్త్రజ్ఞులు గమనించిన పరిణామం గనుక, నేటి లెక్కల ప్రకారం నాటిన తోటల మొక్కల జాబితాను మున్ముందు సవరించుకోవలసి రావచ్చు.