పండులోని పురుగు

ఆపిల్ పండును దొలిచి లోపలి గింజలదాక తినివేయు పురుగొకటి గలదు. తోటలు పెంచువారికది పరమశత్రువు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు సిడియా పొమొనెల్లా. 2008వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జే ఫ్రీమన్ అను అమెరికా యువకుడు ఐఫోనుకొఱకు తాను నిర్మించిన యొక సాధనమునకు సిడియా యని నామకరణము చేసెను. ఐఫోనును చేయు కంపెనీ పేరు ఆపిల్ అని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కంపెనీవారి యనుమతి లేకయే వారి ఫోనులోనికి దూరి, అందు క్రొత్త యాపులను నెలకొల్పుటకు దారి చూపునది గనుక ఆ పేరు దానికి చక్కగ నతికినది.

ఇప్పుడు మన యిండ్లలో ఐఫోను వింతవస్తువు గాదు. ఎదిగిన కుమారుడో కుమార్తెయో వచ్చి "అమ్మా, పాత ఫోను జెయిల్‌బ్రేకు చేశాను" అని చెప్పగా, జెయిలు అను మాట చెవినిబడి తల్లి గుండె జల్లుమనుటయు వింత గాదు. ఆ మాటకు పోలీసులతో సంబంధము లేదు. ఇచ్చట చెఱలోనున్నది ఫోను. విడిపించువాడు దానిని కొన్నవాడు. చెఱసాలాధికారి దానిని అమ్మినవాడు. సొమ్ము పూర్తిగ నిచ్చి కొన్న వస్తువుమీద అమ్మినవానికింకను పెత్తనమేమి యను ప్రశ్నయే యీ విద్యకంతకు మూలము. బీరువాను కొనినపిమ్మట అందు చీరలుంచుటకు వడ్రంగి యనుమతి నడుగుచున్నామా?

ఐఫోను మొట్టమొదట అమెరికాలో విక్రయమునకు వచ్చినది 2007 జూన్ 29వ తేదీన. అప్పుడు ఇతరులు వ్రాసిన యాపొక్కటియు దానిలో నెక్కుటకు వీలులేకుండెను. కంపెనీవారు పెట్టి యిచ్చినవానితోనే తృప్తిపడవలసియుండెను. మఱియు ఏటీ అండ్ టీ యను నొక్క టెలిఫోను కంపెనీ సిమ్ముతో దప్ప అది పలుకకుండెను. ఆ యేడు ఆగస్టులోనే న్యూజెర్సీకి చెందిన జార్జి హాట్జ్ అను పదునేడేండ్ల బాలుడు ఫోనును విప్పి, ఆ రెండవ బంధనమును దెంచివైచెను. తాను విడిపించిన ఫోను నొకదానినిచ్చి, బదులుగ నొక నిస్సాన్ కారును మూడు క్రొత్త ఐఫోనులను గైకొనెను! మన దేశమునకు ఐఫోను అధికారికముగ వచ్చినది 2008 ఆగస్టు 22న. అంతకుముందు అమెరికానుండి బంధువులు తెచ్చిన ఫోనులను హైదరాబాదులోనో విజయవాడలోనో పలికింపవలెనన్న ఈ విద్యయే శరణ్యమయ్యెను.

కంపెనీవారు తమ యాప్ స్టోరును 500 యాపులతో దెఱచినది 2008 జులై 10వ తేదీన. అనగా సుమారొక సంవత్సరకాలము బయటివారి యాపులు కావలసినవారికి చెఱ విడిపించిన ఫోనొక్కటే గతి. అంగడి తెఱువకముందే సంత సాగినదన్నమాట.

ఈ చెఱ యెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. ఫోనులో ప్రతి యాపునకును ఒక గది. ఒక గదిలోనిది రెండవ గదిలోనికి తొంగిచూడరాదు. ఇది మొదటి కట్టడి. కంపెనీవారి ముద్ర లేని యాపును ఫోను లోనికి రానీయదు. ఇది రెండవది. ఇక ఇల్లంతటికిని సరిపడు తాళపుచెవి యొకటి గలదు. దానిని రూటు అందురు. ఆ తాళపుచెవిని కంపెనీవారు కొన్నవారికిచ్చుట లేదు. ఫోనును నడపు ప్రోగ్రాములో నెచ్చటనో యొక లోపమును కనిపెట్టి, దానిద్వారా లోనికి బోయి, ఆ తాళపుచెవిని చేజిక్కించుకొని, ముద్ర నడుగు కావలివానిని నోరుమూయించుటయే జెయిల్‌బ్రేకు. ఆండ్రాయిడు ఫోనులలో నిట్టిదానినే రూటు చేయుట యందురు.

ఇట్లు ద్వారము తెఱచుకొన్నవారు లోన చేసినదేమి? తొలినాటి ఐఫోనులో ఫొటో తీయవచ్చునుగాని చలనచిత్రము తీయుటకు వీలులేదు. 2009లో త్రీజీయెస్ అను క్రొత్త ఫోను వచ్చువఱకు కంపెనీవారు ఆ సౌకర్యము నీయలేదు. ఫ్రీమన్ వ్రాసిన సైకార్డర్ అను యాపు అంతకుముందే పాత ఫోనులలో బిడ్డల యాటపాటలను చిత్రించి పెట్టెను. వైఫై, బ్లూటూతు మొదలగువానిని ఒక్క వ్రేలితో నార్పుటకును వెలిగించుటకును ఎస్‌బీసెట్టింగ్స్ అను యాపుండెను. కంపెనీవారి కంట్రోల్ సెంటరు 2013లోగాని రాలేదు. తెఱమీది బొమ్మలను తమకు నచ్చినట్లు మార్చుకొనుటకు వింటర్‌బోర్డు ఉండెను. సందేశము వచ్చినప్పుడు చేయుచున్న పని చెడకుండ మెల్లగ దెలుపు నొక యాపును వ్రాసిన పీటర్ హాజస్ అను విద్యార్థిని 2011లో ఆపిల్ వారే కొలువునకు బిలిచిరి. దొంగచాటుగ వండిన కూరను రుచిచూచి వంటవానిని ఇంటికి రప్పించుకొన్నట్లున్నది.

ఈ యాపులు వ్రాయు విధానము ముచ్చటైనది. ఆపిల్ వారి ప్రోగ్రాము యొక్క మూలపాఠము వీరిచేత లేదు. కావున దానిని తిరుగవ్రాయక, అది పని చేయునప్పుడు నడుమ బ్రవేశింతురు. ఇంటికి వచ్చు ఉత్తరమును గుమ్మమునొద్ద నొకరందుకొని, అడుగున రెండు పంక్తులు చేర్చి లోనికి బంపినచో, లోపలివారు ఆ రెండు పంక్తులనుగూడ పంపినవారివేయని తలంతురుగదా! ఫోనులో గడియారమును జూపు పని యొకటి గలదనుకొనుడు. ఆ పని మొదలగునప్పుడు మన ప్రోగ్రాము దానిని బట్టుకొని, "ముందు నీ పని నీవు చేయుము, పిదప తిథిని గూడ చూపుము" అని చెప్పును. ఇట్లు పట్టుకొనుటను హుక్కు అనియు, ఇట్టి చిన్న మార్పును ట్వీకు అనియు పిలుతురు. దీనికొఱకు ఫ్రీమన్ ఒక ఆధారమును నిర్మింపగా, డస్టిన్ హౌవెట్ అను నతడు థియాస్ అను పనిముట్ల పెట్టెను సమకూర్చెను. థియాస్‌తో పదిపంక్తులలో ఒక ట్వీకును వ్రాసి, మూటగట్టి, సిడియాలో నెక్కింపవచ్చును. ఇతరుల ప్రోగ్రాము ఎట్లు ఆలోచించుచున్నదో ఊహించి పట్టుకొనుటలో బుద్ధి పదునెక్కును. ఈ విద్య మగపిల్లలకే యని మన యిండ్లలో నొక భావము నాటుకొనియున్నది. అల్లికలో తప్పిన యొక్క ముడిని వందముడులలో గుర్తింపగల మన బాలికలకిది యేల పట్టుపడదో నాకు బోధపడదు.

ఇంతవఱకు వినుటకు హాయిగనున్నది. ఐనను మిత్రునికొఱకు తీసిన గడియ దొంగకును తీసినట్లే యగును. ఇందుకు 2009 నవంబరులో జరిగిన సంగతి చాలును. చెఱ విడిపించిన ఫోనులోనికి దూరమునుండి ప్రవేశించుటకు ఎస్‌ఎస్‌హెచ్ అను సాధనమును పలువురు పెట్టుకొనియుండిరి. ఐఫోనులన్నిటికిని లోపలి తాళపుమాట యొక్కటే: ఆల్పైన్. పెట్టుకొన్నవారిలో అనేకులు ఆ మాటను మార్చుట మఱచిరి. ఆస్ట్రేలియాలో నొక యువకుడు వ్రాసిన ఇకీ యను పురుగు ఒక ఫోనునుండి మఱియొకదానికి ప్రాకి, తెఱమీద రిక్ ఆస్ట్లీ యను గాయకుని బొమ్మను పెట్టసాగెను. అది వట్టి అల్లరి. అదే మాసములో నెదర్లాండ్సులో నింకొకడు ఇట్టి ఫోనులలో జొరబడి, ఐదు యూరోలిచ్చినచో రక్షణోపాయము చెప్పెదనని సందేశములు పంపెను. ఆవల వచ్చిన వేఱొక పురుగు ఐఎన్‌జీ బ్యాంకు ఖాతాదారులను దొంగపుటకు మళ్ళించుటకు బూనుకొనెను. అల్లరి, బెదిరింపు, దొంగతనము ఒక్కమాసములోనే వచ్చినవి. వీని కన్నిటికిని కారణము మార్చని తాళపుమాట!

2015 ఆగస్టులో బయటపడిన కీరైడర్ ఇంతకన్న ఘోరము. చైనాలో సిడియా ద్వారా దొరకు ట్వీకులలో దాగి వచ్చి, అది 2,25,000లకు మించిన ఆపిల్ ఖాతాల పేర్లను, రహస్యపదములను దొంగిలించెను. ఊరుపేరు లేని చోటనుండి తెచ్చుకొన్న సరకులో నేమి కలిసియున్నదో యెవరు చెప్పగలరు?

మఱియొక సంగతి స్త్రీలు ప్రత్యేకముగ నెఱుగదగినది. చెఱ విడిపించువాడు ఫోను యజమానియే కానక్కఱలేదు. 2016 ఆగస్టులో అరబ్ ఎమిరేట్సులోని అహమ్మద్ మన్సూర్ అను మానవహక్కుల కార్యకర్తకు ఒక లంకెతో సందేశము వచ్చెను. అతడు దానిని నొక్కక, టొరాంటో విశ్వవిద్యాలయములోని సిటిజన్ ల్యాబుకు బంపెను. ఆ లంకెను నొక్కియున్నచో ఫోను తనంతట తానే నిశ్శబ్దముగ జెయిల్‌బ్రేకు అయి, ఇజ్రాయెలుకు చెందిన ఎన్‌ఎస్‌ఓ వారి పెగాసస్ అను గూఢచారి ప్రోగ్రాము లోపల కాపురముండెడిదని పరీక్షలో దేలెను. ఇది ప్రభుత్వములకు విక్రయించు ఖరీదైన సరకు. ఇంతకన్న చౌకబారు గూఢచారి యాపులును గలవు. ఇంటిలోనివాడే, అనుమానపుభర్తయో మఱియొకడో, ఆమె నిద్రించుచుండగా ఫోనును గైకొని చెఱ విడిపించి యిట్టిదానిని పెట్టినచో, నాటినుండి ఆమె సందేశములు, ఆమె యున్న చోటు వానికి దెలియుచుండును. ఇది ప్రేమయు గాదు, పెద్దఱికమును గాదు. ఒకరి ఫోనులోనికి వారి యనుమతి లేక జొరబడుట మన సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షను క్రింద మూడేండ్లవఱకు శిక్షింపదగిన నేరము. సందేహము కలిగినవారు ఫోనును కంప్యూటరునకు దగిలించి, ఐఓఎస్‌ను మొదటినుండి మఱల నెక్కించినచో జెయిల్‌బ్రేకు సాధారణముగ దొలగిపోవును. పిమ్మట రహస్యసంఖ్యను, ఆపిల్ ఖాతా రహస్యపదమును మార్చవలెను. ఐతే చేసినవానివలన హాని భయమున్నచో, వానికి దెలియకముందే నమ్మదగినవారికి జెప్పి, సాక్ష్యము నిలుపుకొని మఱి చేయుట మేలు.

చెఱ విడిపించిన ఫోనును క్రొత్త ఐఓఎస్‌కు మార్చినచో ఆ విడుదల పోవును. అందుచే విడిపించుకొన్నవారు పాతదానినే పట్టుకొని వ్రేలాడుదురు. దానిలోని లోపములును వారితోనే యుండును. 2018 ఫిబ్రవరిలో మన తెనుగక్షరమే యిందుకు తార్కాణమైనది. "జ్ఞా" అను అక్షరమును ఒకానొక రీతిని కూర్చి పంపినచో, దానిని చూపబోయిన ఐఫోను యాపు కూలిపోవుచుండెను. జ్ఞానమునకు మొదటి యక్షరము ఫోనుకు మూర్ఛ తెప్పించినదని యెల్లరు నవ్విరి. కొలది దినములలో కంపెనీవారు 11.2.6 అను సవరణతో దానిని చక్కబెట్టిరి. జెయిల్‌బ్రేకు పోవునని వెఱచి పాతదానిలోనే యున్నవారికి ఆ సవరణ యక్కఱకు రాలేదు.

న్యాయముకొఱకు రెండవవైపును జెప్పవలెను. 2011 జులైలో కోమెక్స్ అను మారుపేరుగల విద్యార్థి జెయిల్‌బ్రేక్‌మీ అను పుటయొక్క మూడవ కూర్పును వెలువరించెను. దానిని తెఱచి వ్రేలితో నొక్కినంతనే ఫోను విడుదలయ్యెడిది. పీడీయెఫ్ పత్రములను జూపుటలోని యొక లోపమే దానికి దారి. అతడు ఆ లోపమును పూడ్చు నొక ట్వీకును గూడ వెంటనే యిచ్చెను. కంపెనీవారి సవరణ వచ్చుటకు తొమ్మిది దినములు పట్టెను. ఆ తొమ్మిది దినములును చెఱ విడిపించుకొని ఆ ట్వీకు పెట్టుకొన్న ఫోనులే, ఆ లోపమువఱకు, భద్రమైనవి!

ఇక చట్టము మాట. ఇది జరుగరాదని ఆపిల్ వారు అమెరికా కాపీరైటు కార్యాలయమున గట్టిగ వాదించిరి; సెల్లుటవర్లకే చేటు రావచ్చునని 2009లో భయపెట్టిరి. 2010 జులై 26న అక్కడి కాంగ్రెసు గ్రంథాలయాధికారి, ఫోనును జెయిల్‌బ్రేకు చేయుట కాపీరైటు చట్టమును మీఱుట గాదని మినహాయింపునిచ్చెను. మన దేశపు కాపీరైటు చట్టమున 2012లో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను భంగపఱచు నుద్దేశముతో రక్షణోపాయములను దాటువారిని శిక్షించును. కావున వెల యిచ్చి కొనవలసిన యాపును ఊరక తెచ్చుకొనుటకు ఈ విద్యను వాడుట చౌర్యము. అట్టి చౌర్యమునకు బేరుపడిన హాక్యులస్ అను కూటమి 2012 డిసెంబరులో మూతబడెను. దానికొఱకు కన్నీరు కార్చుటకు నాకు మనసు రాదు.

నా యభిప్రాయమడిగినచో, ఇంటి డబ్బు నడచు ఫోనును ముట్టరాదు. మన బ్యాంకుల యాపులు, యూపీఐ యాపులు పెక్కు, విడిపించిన ఫోనును గుర్తించి పనిచేయ నిరాకరించును. ఆండ్రాయిడు ఫోనున్నవారు రూటు మాట యటుంచి, వాట్సాపులో పెండ్లి శుభలేఖ యనియో, బ్యాంకు నోటీసనియో వచ్చు ఏపీకే ఫైలును నొక్కకుండుటయే ముఖ్యము. శుభలేఖ బొమ్మగనో పీడీయెఫ్‌గనో వచ్చును. దానికి యాపుతో పనిలేదు.

నేర్చుకొన నిచ్ఛగల పిల్లలకు బీరువాలో మూలబడిన పాత ఐఫోను చాలును. 4ఎస్ మొదలు ఐఫోను టెన్ వఱకుగల ఫోనుల చిప్పులోనే యొక లోపమున్నదని 2019 సెప్టెంబరులో వెల్లడియయ్యెను. చెక్‌మేట్ అను పేరుగల ఆ దారిని కంపెనీవారు సవరణతో మూయజాలరు. సిమ్ము తీసివేసి, ఖాతాలు తుడిచివేసి, ఆ ఫోనుమీద నెన్ని ప్రయోగములైనను చేయవచ్చును.

సిడియాలో కొనుబడి 2018 డిసెంబరులో నిలిచిపోయినది. ఐరోపా సమాఖ్యలో క్రొత్త చట్టముచేత 2024 మార్చినుండి ఆపిల్ వారు ఇతరుల యంగళ్ళనుగూడ ఐఫోనులో ననుమతింపవలసి వచ్చెను. మనకట్టిది లేదు. ఐనను 2015 నుండి యొక సందు గలదు. ఉచితమైన ఆపిల్ ఖాతాతో ఎవరైనను తాము వ్రాసిన యాపును, చెఱ బద్దలుకొట్టకయే, తమ ఫోనులో పెట్టుకొనవచ్చును. పాలలెక్క వ్రాసికొనుటకు ఇంటిలోని బాలిక తల్లికొక చిన్న యాపు చేసి యీయవచ్చును. అది ఏడు దినములు పనిచేయును. ఎనిమిదవనాడు తెఱువదు. మఱల కంప్యూటరునకు దగిలించి ముద్ర వేయించుకొనవలెను. ఏడాదికి 99 డాలర్లు చెల్లించువారికి మాత్రము సంవత్సరమంతయు నడచును.