భాగహారంలో రాజ్యాంగం

2022 జూలైలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే వేసిన ఒక్కో ఓటు విలువ 159. తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208. సిక్కిం ఎమ్మెల్యేది ఏడంటే ఏడు. ఏడో తరగతి గదిలో ఈ నాలుగు అంకెలూ నల్లబల్ల మీద రాసి, టీచరు ఇంకేమీ చెప్పకుండా నిలబడితే చాలు. మనకెందుకు తక్కువ, వాళ్లకెందుకు ఎక్కువ అని పిల్లలే తగువుకు దిగుతారు. పంపకంలో తేడా వస్తే ఆ వయసు పిల్లలు ఊరుకోరు. రాజ్యాంగ పాఠం ఆ తగువుతోనే మొదలవ్వాలని, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా రాజ్యాంగాన్ని పరిచయం చేయడానికి రాష్ట్రపతి ఎన్నికను మించిన దారి లేదని నా వాదన.

ఇప్పుడు పాఠం నడిచే తీరు మనకు తెలిసిందే. పుస్తకం మొదట్లో ప్రవేశిక అచ్చయి ఉంటుంది. సార్వభౌమ, సామ్యవాద, లౌకిక అంటూ ఒప్పజెప్పిస్తారు. 1949 నవంబర్ 26న ఆమోదం, 1950 జనవరి 26 నుంచి అమలు, మొదట్లో 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు. ఇక రాష్ట్రపతి ఎన్నిక ఒక బిట్టు ప్రశ్న: ‘రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారు?’ ‘నియోజకగణం’. మార్కు వస్తుంది, ముక్క అర్థం కాదు. తప్పు పిల్లలది కాదు, మాస్టారిదీ కాదు. సార్వభౌమత్వం అన్న మాటను పన్నెండేళ్ల పిల్లవాడు చేత్తో పట్టుకుని చూడలేడు. అదే 159 అయితే పట్టుకుంటాడు, విప్పుతాడు, లోపల ఏముందో చూస్తాడు. నిజానికి రాజ్యాంగంలో చాలా భాగం ‘ఎవరికి ఎంత, ఎందుకంత’ అన్న ప్రశ్నకు పెద్దలు కూర్చుని రాసుకున్న జవాబే. ఆ ప్రశ్న ముందు పుట్టకపోతే జవాబు ఎంత గొప్పదైనా గోడ మీది రాతే.

లెక్క 55వ అధికరణలో ఉంది. రాష్ట్ర జనాభాను ఆ రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. శేషం 500కు తగ్గకపోతే ఒకటి కలపాలి. జనాభా 1971 లెక్కల్లోది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో అప్పుడు ఉన్నవారు 2,78,00,586 మంది, ఎమ్మెల్యేలు 175, భాగిస్తే 158.86, అంటే 159. తెలంగాణలో 1,57,02,122 మంది, ఎమ్మెల్యేలు 119. లెక్క 132కు చేరుతుంది. ఇక్కడితో ఆపితే ఇది మామూలు లెక్కే. ఇంకొక్క అడుగు వేయించాలి. 159ని 175తో గుణిస్తే 27,825. 132ను 119తో గుణిస్తే 15,708. ఇప్పుడు ఈ మొత్తాలను జనాభా పక్కన పెట్టి చూడమనాలి. 27,825 అంటే 2.78 కోట్లను వెయ్యితో భాగిస్తే వచ్చేదానికి దాదాపు సమానం. తెలంగాణలోనూ అంతే. ఎమ్మెల్యేలు ఎంతమంది ఉన్నా, ఒక్కొక్కరి ఓటు ఎంతున్నా చివరికి తూకంలోకి వచ్చేది జనమే, వెయ్యిమందికి ఒకటి చొప్పున. అన్యాయంలా కనిపించిన తేడా న్యాయం కోసమే పెట్టిందని పిల్లలు తమ పెన్సిలుతో తేల్చుకుంటారు. సిక్కిం దగ్గర చిన్న సరదా కూడా ఉంది. 1971లో అక్కడి జనం 2,09,843, ఎమ్మెల్యేలు 32. భాగిస్తే 6.56, సవరిస్తే ఏడు. మొత్తం 224. జనాభా ప్రకారం 210 రావాలి. మిగతా పధ్నాలుగూ సవరణ చలవే! రాజ్యాంగంలోనూ దశాంశాలు తిప్పలు పెడతాయని తెలిస్తే దానిమీద భయం పోతుంది, ఇష్టం పుడుతుంది.

రాష్ట్రాల మొత్తం తేలాక పార్లమెంటు వంతు. 2022లో ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువ 5,43,231. దీన్ని ఎన్నికైన 776 మంది ఎంపీలకు సమానంగా పంచితే తలా 700. అంటే ఢిల్లీలో కూర్చున్న పార్లమెంటుదీ, రాష్ట్రాల అసెంబ్లీలన్నిటిదీ కలిపి చెరి సగం బరువు. సమాఖ్య అన్న మాటకు ఇంతకంటే సులువైన బొమ్మ నాకు కనిపించదు. 2017లో ఎంపీ ఓటు 708, అయిదేళ్లకే 700 అయింది. ఆ ఎనిమిది ఎక్కడికి పోయాయి? 2022 నాటికి జమ్మూకశ్మీర్‌లో ఎన్నికైన అసెంబ్లీ లేదు. అక్కడి 6,264 ఓట్ల విలువ మొత్తంలోంచి తప్పుకుంది, దాంతో దేశంలోని ప్రతి ఎంపీ ఓటూ కొంచెం చిక్కిపోయింది. ఒకచోట సభ లేకపోతే ఎక్కడో అనంతపురం ఎంపీ ఓటు విలువ కూడా తగ్గుతుందన్న సంగతిని ఎన్ని నినాదాలు ఇలా చెప్పగలవు? రాజ్యసభకు నామినేట్ అయిన పన్నెండుమందికి ఈ ఎన్నికలో ఓటు లేదు, రాష్ట్రపతిని అభిశంసించాల్సి వస్తే మాత్రం ఉంది. ఎందుకలా అన్నది ఇంటిపనిగా ఇవ్వదగిన ప్రశ్న.

ఇదంతా ఆ వయసుకు బరువు కాదా అని అడిగేవారున్నారు. భాగహారం, గుణకారం, సవరించడం... ఇవి ఆరో తరగతికల్లా లెక్కల పుస్తకంలో వచ్చేసినవే. కొంచెం కష్టపడాల్సింది ప్రాధాన్య ఓటు దగ్గర. ఓటరు ఒకరికి టిక్కు పెట్టి ఊరుకోడు. మొదట ఎవరు, రెండోది ఎవరు అని వరుస రాస్తాడు. చెల్లిన ఓట్లలో సగానికి పైన వస్తేనే గెలుపు. ఎవరికీ రాకపోతే అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తప్పించి, ఆయన ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి పంచుతారు. దీన్ని వివరించడానికి కల్పిత ఉదాహరణ అక్కర్లేదు. 1969 ఉంది.

ఆ ఏడాది మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆగస్టులో పోలింగ్. ప్రధాన పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య: కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా నిలిచిన బరంపురం మనిషి వి.వి.గిరి. మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని ప్రధాని ఇందిరాగాంధీ సొంత పార్టీవాళ్లకే చెప్పారు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. గిరి దాదాపు 88 వేల ముందంజలో ఉండీ గీత దాటలేదు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ పోయి, చివరికి దేశ్‌ముఖ్ ఓట్లు కూడా పంచాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. తీసివేతలు చేసి చూస్తే ఆశ్చర్యం: పంపకంలో రెడ్డికి 91 వేలకు పైగా కలిస్తే గిరికి కలిసింది పద్దెనిమిదిన్నర వేలే. అయినా గెలిచింది గిరి. రెండో ప్రాధాన్యం లెక్కపెట్టాల్సి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక మన చరిత్రలో ఇదొక్కటే. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు. తెలుగు పిల్లలకు ఇంత కథ చేతికి అందేంత దూరంలో ఉంటే, దాన్ని వదిలేసి నియోజకగణం నిర్వచనం రాయించడం నాకు పిసినారితనంలా అనిపిస్తుంది.

అసలు చిక్కు 1971 దగ్గరుంది. అర్ధశతాబ్దం నాటి జనాభాతో ఇప్పటి లెక్క ఏమిటని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. జనాభా పెరుగుదలను అదుపు చేసిన రాష్ట్రాలు ఆ కారణంగా బలం పోగొట్టుకోకూడదని 1976లో 42వ సవరణ ఆ అంకెను స్తంభింపజేసింది. 2001లో 84వ సవరణ ఆ గడువును పొడిగించింది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా 1971 అంకే చెల్లుతుంది. ఆ అంకెను తీసి 2011 జనాభా పెట్టి చూడమనండి. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208 నుంచి 496కు ఎగబాకుతుంది. తమిళనాడుది 176 నుంచి 308కే వస్తుంది, కేరళది 152 నుంచి 239కి. 32గా ఉన్న యూపీ, తమిళనాడు తేడా 188 అవుతుంది. మన ఇంట్లో వరుసే తారుమారు: తెలంగాణ ఎమ్మెల్యే ఓటు సుమారు 294, ఆంధ్రప్రదేశ్‌ది 283 చుట్టూ. నియోజకవర్గాల పునర్విభజన మీద దక్షిణాదిలో పెద్దలు పడుతున్న ఆందోళన అంతా ఈ చిన్న పట్టికలో ఉంది. ఇది రాజకీయం, బడిలోకి రానివ్వకూడదంటారు కొందరు. పార్టీని రానివ్వకూడదన్నది సబబే. ఎవరికి ఓటేయాలో, ఎవరు మంచివారో టీచరు చెప్పకూడదు. కానీ ‘ప్రతి మనిషికీ సమాన బరువు’ అన్న న్యాయానికీ, ‘చెప్పిన మాట విన్నవాడు నష్టపోకూడదు’ అన్న న్యాయానికీ మధ్య ఘర్షణను పిల్లల కంట పడకుండా దాస్తే వాళ్లకు నేర్పింది రాజ్యాంగం కాదు, రాజ్యాంగం అట్ట. రెండు వైపులా వాదించమని తరగతిని రెండు జట్లు చేస్తే చాలు, తీర్పు చెప్పే పని టీచరుది కాదు.

అమెరికాలో మిడిల్ స్కూలు పిల్లలకు తమ అధ్యక్ష ఎన్నిక పద్ధతి నేర్పడానికి చేసే కసరత్తు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ దేశ సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ పదవీ విరమణ తర్వాత 2009లో పిల్లల కోసం ఆన్‌లైన్ ఆటల ద్వారా పౌరశాస్త్రం చెప్పే పని మొదలుపెట్టారు. ఇవాళ అది ఐసివిక్స్ పేరుతో నడుస్తోంది. అందులో పిల్లలు తామే అధ్యక్ష అభ్యర్థిగా నిలబడి, రాష్ట్రాల వారీగా ఎలక్టోరల్ ఓట్లు కూడగట్టే ఆట కూడా ఉంది. 538లో 270 వస్తే గెలుపు. మన లెక్క వచ్చిన పిల్లవాడికి ఆ లెక్కను ప్రశ్నించడమూ వస్తుంది. 2020 జనగణన ప్రకారం వయోమింగ్‌లో 5.77 లక్షల జనానికి మూడు ఎలక్టోరల్ ఓట్లు, కాలిఫోర్నియాలో 3.95 కోట్లమందికి 54. అంటే ఒక్కో ఓటు వెనక వయోమింగ్‌లో 1.92 లక్షల మంది, కాలిఫోర్నియాలో 7.32 లక్షల మంది. చిన్న రాష్ట్రాలకు మొగ్గు ఇవ్వడం వాళ్ల రాజ్యాంగం ఎంచుకున్న దారి, జనాన్ని సమంగా తూచడం మనం ఎంచుకున్న దారి. డాలస్‌లో చదివే మేనకోడలూ గుంటూరులో చదివే మేనమామ కొడుకూ ఫోనులో వాదించుకోదగ్గ విషయమిది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. రాష్ట్రపతి పేరుకే పెద్ద, పాలించేది ప్రధాని, అలాంటి పదవి ఎన్నిక మీద ఇంత శ్రద్ధ దేనికి? ఈ అనుమానం రాజ్యాంగ సభలోనూ తలెత్తింది, అయితే తలకిందులుగా. వయోజనులంతా నేరుగా ఓటేసి రాష్ట్రపతిని ఎన్నుకోవాలని కె.టి.షా ప్రతిపాదించారు. మంత్రివర్గమే పాలించే పద్ధతిలో దేశమంతా ఓటేసి ఎన్నుకుని, తీరా చేతికి అధికారం ఇవ్వకపోవడం పొసగదని నెహ్రూ వాదన. రాష్ట్రపతి స్థానం ఇంగ్లండు రాజులాంటిదని అంబేద్కర్ వివరణ. షా మాట నెగ్గలేదు. అంటే ఎన్నిక పద్ధతిలోనే పదవి స్వభావం రాసి ఉంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే పార్లమెంటరీ విధానం సగం అర్థమైనట్టే. పైగా ఆ పదవి మరీ ఉత్సవ విగ్రహమూ కాదు. 1997 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న మంత్రివర్గ సిఫార్సును కె.ఆర్.నారాయణన్ పునరాలోచించమని వెనక్కి పంపారు. గుజ్రాల్ ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది.

ప్రాథమిక హక్కుల కంటే ఇది ముఖ్యమా అంటే, కాదు. 14, 17, 21 అధికరణలు పిల్లల రోజువారీ బతుకుకు ఎంతో దగ్గర, వాటిని తగ్గించి దీన్ని పెంచమనడం లేదు. కానీ హక్కుల పాఠం చాలా బడుల్లో నీతిపాఠంగా మారిపోతుంది, తల ఊపడం తప్ప పిల్లలకు పని ఉండదు. ఇక్కడ మాత్రం తప్పు చేస్తే జవాబు తప్పొస్తుంది, సరిచేసుకోవచ్చు. రాజ్యాంగాన్ని పరీక్షించి చూడొచ్చన్న ధైర్యం ముందు ఇక్కడ వస్తే, హక్కుల దగ్గరకు ఆ చూపుతోనే వెళ్తారు.

2022 జూలై 25న ప్రమాణం చేసిన ద్రౌపదీ ముర్ము, రాజకీయాల్లోకి రాకముందు రాయ్‌రంగ్‌పూర్‌లో టీచరు. ఆవిడ అయిదేళ్ల పదవీకాలం 2027 జూలైలో నిండుతుంది. ఆలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలని 62వ అధికరణ చెబుతోంది. మన బడులు తెరిచేది జూన్‌లో. ఆ నెలలో సోషల్ మాస్టారూ లెక్కల టీచరూ కలిసి రెండు పీరియడ్లు ఇస్తే, ఫలితం టీవీలో వచ్చేనాటికి పిల్లలు కాగితం మీద కూడి చూసుకోగలరు.