పాత లారీ – ఇల్లాలి లెక్క

మా పి.గన్నవరమున వైనతేయ గోదావరిపై రెండు అక్విడక్టులు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఒకటి పందొమ్మిదవ శతాబ్దమున కట్టినది. రెండవది 2000 సంవత్సరమున సిద్ధమై, అన్నదాత్రియగు డొక్కా సీతమ్మగారి పేరు దాల్చినది. పాతది కూలి ఆవలి చేలు ఎండిన పిమ్మట క్రొత్తదానిని తలపెట్టినవారు కారు; పాతది నిలిచియుండగనే కట్టిరి. కుటుంబమునకు కూడు పెట్టు ప్రతి వస్తువునకును ఈ నీతియే వర్తించునని మా తలంపు.

కోనసీమలో ఎన్నో యిండ్లకు అట్టి వస్తువు లారీ. అంబాజీపేట కొబ్బరి దూరరాష్ట్రములకు లారీలపైననే పోవుచున్నది. తన బండిని తానే నడుపుకొను మగనికి బండియే పొలము, బండియే ఉద్యోగము. అది కొన్ననాడు ఇల్లాలి మెడలోని బంగారము తాకట్టుకు పోవుట అరుదు గాదు. కావున దానిని ఎప్పుడు మార్చవలెనను ఆలోచనలో ఆమెకును పాలు కలదు.

రెండేండ్ల క్రిందట మా పొరుగు ఇల్లాలు ఒక పుస్తకము తెచ్చి, “అక్కయ్యగారూ, బండికి పదేండ్లు నిండాయి. అమ్మమంటారా, ఉంచమంటారా?” అని యడిగెను. పుస్తకమున షెడ్డుకు ఇచ్చిన సొమ్ము మాత్రమే యున్నది. “బండి కదలక నిలిచిన దినములెన్ని?” అంటిమి. అది వ్రాయలేదు. సోదరీమణులారా, అసలు నష్టము దాగునది అచ్చటనే!

ఇరువురము కూర్చుండి లెక్క వేసితిమి. ఏడాదికి మరమ్మతులు 2,00,000 రూపాయలు. నిలిచిన దినములు 50. దినమునకు పోయిన మిగులు 3,000 చొప్పున 1,50,000. బండి ఏటా 54,000 కిలోమీటర్లు తిరుగును. లీటరు డీజిలుకు పాతది 4 కిలోమీటర్లును, క్రొత్తది నాలుగున్నరయు నడచుననుకొనిన, పాతది 1,500 లీటర్లు అధికముగా త్రాగును. లీటరు 100 రూపాయలుగా నెంచిన 1,50,000. వెరసి 5,00,000. ఇది పాతబండి మనచే ఏటా కట్టించుకొను కప్పము.

క్రొత్తదానికి ఏటా తరుగు విలువయు, అప్పుపై వడ్డీయు, హెచ్చు బీమాయు కలిపి 5,50,000 అని తేలినది. కావున ఆ యేటికి పాతదియే మేలు. కాని నిలిచిన దినములు 67 అయినచో త్రాసు రెండవవైపు మొగ్గును. ఆ సంఖ్యను పుస్తకము మొదటి పుటపై వ్రాసికొమ్మంటిమి. ఈ అంకెలు ఆ యింటివి. ఎవరి అంకెలు వారే వేసికొనవలెను.

ఈ లెక్కలో రెండు పొరపాట్లు దొరలుచుండును. “మొన్ననే బోరు చేయించితిమి, ఇప్పుడెట్లు అమ్ముదుము?” అనుట మొదటిది. వెచ్చించిన సొమ్ము అమ్మినను రాదు, ఉంచినను రాదు, ముందేమగునన్నదే ప్రశ్న. ఒక పెద్ద మరమ్మతుకు బెదరి బండిని తెగనమ్ముట రెండవది. ఇంజను బాగుచేయించిన పిదప మూడేండ్లు నిలువక నడచునేని, ఆ ఖర్చు క్రొత్తబండి అప్పుకంటె తేలిక.

బండి వయస్సును చట్టమును చూచును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి ప్రకారము సాధారణ లారీకి 12 ఏండ్లు, రెండిటికి మించి ఇరుసులు గలదానికి 15 ఏండ్లు దాటినచో జాతీయ పర్మిట్టు లేదు. దూరపు కిరాయిలపై బ్రతుకువారికి ఇదియే అసలు గడువు. పర్మిట్టు తీరిన బండికి ధర పడిపోవును గావున, అమ్మదలచిన ఏడాది ముందే బేరము పెట్టుట మంచిది. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ పత్రము ఏటేట తీసికొనవలెను.

క్రొత్తదియు చిక్కులు లేనిది కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చు బండ్లు భారత్ స్టేజ్ 6 పద్ధతివి. డీజిలు లారీలలో పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రవము పోయుచుండవలెను. లోపము కనుగొనుటకు కంప్యూటరు కావలెను. ఊరి మెకానిక్కు చెవియొగ్గి విని బాగుచేయు కాలము గడచుచున్నది. మరియు వాయిదా మొత్తమును కిరాయిలు మెండుగా నున్న నెలను చూచి కాక, కాయలు తగ్గి బండి గుమ్మమున నిలిచిన నెలను చూచి నిర్ణయింపవలెను. అప్పుడు కట్టలేని వాయిదా, లెక్క ఎంత లాభము చూపినను, మనకు తగదు.

మా పొరుగువారు ఆ యేడు బండిని ఉంచిరి. నెలనెల కొంత సొమ్ము ప్రక్కనుంచిరి. ఇల్లాలు నిలిచిన ప్రతిదినమునకును ఒక గీత గీయసాగెను. మరుసటి యుగాది నుండి మొదలిడిన గీతలు ఆశ్వయుజమునకే 58 అయినవి. మగడు మొదట ఒప్పుకొనలేదు. ఆ బండిపైననే బిడ్డలను పెంచితినని కంట నీరు పెట్టుకొనెను. ఆమె వాదింపక పుస్తకము ముందుంచెను. బండి ఇంకను నడచుచుండగనే, పర్మిట్టు ఇంకను మిగిలియుండగనే బేరము కుదిరినది. వచ్చిన ధరయు, ప్రక్కనుంచిన సొమ్మును క్రొత్తబండికి మొదటి చెల్లింపు కాగా, ఈమారు ఆమె నానుతాడు తాకట్టుకు పోలేదు.