విదేశములో ఒక విద్యాసంవత్సరము: అపోహలు – వాస్తవములు

విదేశమునకు చదువబోవు బిడ్డ యున్న యింట, ప్రయాణమునకు ముందటి నెలలలో సూట్‌కేసుల బరువుతో పాటు విన్నమాటల బరువు కూడ పెరుగుచుండును. అక్కడ చదువు ఉచితమట, సాయంకాలము రెండు గంటలు పనిచేసినచో ఖర్చులన్నియు గడచునట, ఆ దేశస్థులు మనిషిని పలుకరింపరట అను మాటలలో కొంత సత్యము లేకపోలేదు. కాని సగము సత్యమును నమ్మి దూరదేశము వెళ్ళిన విద్యార్థికి తక్కిన సగము అచ్చట, తోడెవ్వరును లేని వేళ, ఎదురగును. జర్మనీలోని గోటింగెన్ అను చిన్న విశ్వవిద్యాలయ నగరమున ఒక సంవత్సరము విద్యార్థిగా గడపిన నేను, ఇప్పుడు ఆ దేశమునకు బయలుదేరుచున్న తెలుగు బిడ్డలకును, వారికంటె మిన్నగా కలవరపడుచున్న తల్లిదండ్రులకును ఆ తక్కిన సగమును చెప్పవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

అపోహ: జర్మనీలో చదువు ఉచితము గనుక డబ్బుతో పనిలేదు.

వాస్తవము: అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో అధికభాగము బోధనరుసుము తీసికొనవనుట నిజమే. అయితే హైడెల్‌బెర్గ్, ట్యూబింగెన్, స్టుట్‌గార్ట్ నగరములున్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రము 2017 శీతకాలపు సెమిస్టరు మొదలుకొని, ఐరోపా సమాఖ్యకు వెలుపలి దేశముల విద్యార్థులనుండి సెమిస్టరునకు 1,500 యూరోలు వసూలు చేయుచున్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయము కూడ 2024 శీతకాలము నుండి, కోర్సును బట్టి సెమిస్టరునకు 2,000 మొదలు 6,000 యూరోల వరకు రుసుము విధించినది. రెండు విశ్వవిద్యాలయముల నడుమ ఒప్పందముపై ఒక యేడాదికి వచ్చు మార్పిడి విద్యార్థులకు సాధారణముగా ఈ భారముండదు. రుసుము లేనిచోట సైతము విద్యార్థి సేవల నిమిత్తము ప్రతి సెమిస్టరునకు కొంత చందా చెల్లింపక తప్పదు.

అన్నిటికంటె పెద్ద లెక్క బ్రతుకుదెరువుది. తిండికి, గదికి, ఆరోగ్య బీమాకు చాలినంత ధనము తన కడ గలదని విద్యార్థి వీసాకు ముందే నిరూపింపవలెను. అందులకై మనవారు ‘బ్లాక్డ్ అకౌంట్’ అని చెప్పుకొను ఖాతాలో, 2024 సెప్టెంబరు నుండి అమలైన లెక్క ప్రకారము, ఏడాదికి 11,904 యూరోలు వేయవలెను. ఇది రుసుము కాదు, విద్యార్థి సొంత సొమ్మే. కాని నెలకు 992 యూరోల చొప్పుననే చేతికి వచ్చును. గది డిపాజిట్టు, పరుపు, చలికోటు మొదలగునవన్నియు మొదటి నెలలోనే మీదబడును గనుక ఆ ఖాతాకు వేరుగా కొంత సొమ్ము దగ్గర నుంచుకొనని వారు తొలి పక్షములోనే అప్పు అడుగవలసి వచ్చును.

అపోహ: పార్ట్‌టైం పనితో ఏడాది ఖర్చంతయు గడచిపోవును.

వాస్తవము: 2024 మార్చి నుండి, ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి దినములు గాని, 280 అర్ధదినములు గాని పని చేయవచ్చునని నియమము. ఈ సంఖ్యను చూచి పలువురు మురియుదురు. కాని దాని ప్రక్కన చదువు లెక్కను కూడ వ్రాసి చూడవలెను. ఏడాది చదువునకు 60 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిట్టునకు 25 నుండి 30 గంటల శ్రమ అని ఐరోపా లెక్క. అనగా 1,500 నుండి 1,800 గంటలు. వానిని నలువది వారములకు పంచినను వారమునకు ఇంచుమించు నలువది గంటలు చదువునకే పోవును. పైగా కాఫీ హోటలులో, దుకాణములో పని దొరకవలెనన్న జర్మను భాష రావలెను. విభాగములో ఆచార్యుని క్రింద చేయు ‘హీవి’ ఉద్యోగములకు పోటీ మెండు. పని దొరికినచో అది చేతి ఖర్చునకు ఆసరా. దానినే నమ్ముకొని యిచ్చట అప్పుచేసి పంపుట బిడ్డ చదువును పణముగా పెట్టుటయే.

అపోహ: పాఠములు ఇంగ్లీషులోనే గనుక జర్మను అక్కరలేదు.

వాస్తవము: తరగతి గది గడప దాటిన వెంటనే ఈ నమ్మకము వీగిపోవును. ఇంట దిగిన రెండు వారములలోగా నగర కార్యాలయమున తన చిరునామాను నమోదు చేసికొనవలెను. దీనిని అచ్చట ‘అన్‌మెల్డుంగ్’ అందురు. దానికి ఇంటి యజమాని సంతకము చేసిన పత్రము కావలెను. ఆ తరువాత బ్యాంకు, బీమా సంస్థ, నగరపాలనము అన్నియు ఉత్తరముల మూలముననే పలుకును. ఆ యుత్తరములు జర్మనులోనే యుండును.

నా బ్యాంకు కార్డు పదిరోజులైనను రాలేదు. నా చిరునామా సరియే, గది సంఖ్య సరియే. ప్రక్కగది విద్యార్థిని నన్ను మెట్లక్రిందికి తీసికొనిపోయి గోడకున్న తపాలాపెట్టెల వరుసను చూపినది: ప్రతి పెట్టెపైనను ఒక ఇంటిపేరు, నా పెట్టెపై నాకు ముందున్నవాని పేరు. అచ్చట తపాలా గది సంఖ్యను బట్టి గాక పెట్టెపై పేరును బట్టి వచ్చునని నాకప్పుడు తెలిసినది. ఆ సాయంకాలమే ఒక చీటిపై మా ఇంటిపేరును పెద్ద యక్షరములతో వ్రాసి అంటించితిని. బ్యాంకువారిని కోరి ఉత్తరమును మరల తెప్పించుకొంటిని.

భాషలోని చిన్న తేడా సైతము ఎంత పని చేయునో చూడుడు. ఏడు గడచి అరగంటయైనచో మనము ఏడున్నర యందుము. వారు రాబోవు గంటను పట్టుకొని ‘హాల్ప్ ఆఖ్ట్’, అనగా ఎనిమిదిలో సగము, అందురు. ఈ మాటను ఎనిమిదిన్నరగా తలచినవారు రైలును గాని, వైద్యుని సమయమును గాని గంట తేడాతో పోగొట్టుకొందురు. బయలుదేరుటకు ముందు ఆరునెలలు ప్రాథమిక జర్మను నేర్చుకొన్నచో ఆ కష్టములు చాలవరకు తొలగును.

అపోహ: అక్కడి చదువు తేలిక, హాజరు కూడ తీసికొనరు.

వాస్తవము: ఉపన్యాసములలో పెక్కింటికి హాజరు తీసికొనకపోవుట నిజమే. కాలపట్టికలో గంట ప్రక్కన ‘సి.టి.’ అని యుండిన పాఠము పదునైదు నిమిషములు ఆలస్యముగా మొదలగుటయు, పాఠము ముగియగానే విద్యార్థులు చప్పట్లకు మారుగా బల్లలపై వ్రేళ్ళతో తట్టుటయు క్రొత్తవారికి ముచ్చట గొలుపును. కాని ఈ స్వేచ్ఛకు వెనుక బాధ్యత కలదు: సెమిస్టరు పొడుగున ఎవ్వరును వెంటబడరు, ఆఖరున ఒక్క పరీక్షయే పెక్కు కోర్సులలో సర్వమును నిర్ణయించును. ఆ పరీక్షకు గడువులోగా తానే పేరు నమోదు చేసికొనని విద్యార్థికి ఎంత చదివినను ప్రవేశముండదు. మార్కుల వరుస కూడ మనకు తలక్రిందు: 1.0 అత్యుత్తమము, 4.0 కేవలము ఉత్తీర్ణత, 5.0 తప్పుట. నాలుగు వచ్చినదని కుమారుడు చెప్పినప్పుడు ఇంటివారు సంతోషించుటకు ముందు ఈ సంగతి నెరిగి యుండవలెను.

అపోహ: మన తిండి దొరకదు, శాకాహారి పస్తుండవలసినదే.

వాస్తవము: విశ్వవిద్యాలయ భోజనశాలయైన ‘మెన్సా’లో మాంసములేని వంటకములు దినదినము ఉండును. టర్కీవారి దుకాణములలో ఎర్రపప్పు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు దొరకును. ఆసియా దుకాణములలో కందిపప్పు, చింతపండు కూడ లభించును. కుళాయినీరు నిర్భయముగా త్రాగవచ్చును. అసలు కష్టము వస్తువులు దొరకుటలో లేదు, వండుట రాకపోవుటలో ఉన్నది. ఉమ్మడి వంటగది కప్పునకు పొగను పసిగట్టు యంత్రముండును; కొన్ని హాస్టళ్ళలో దానికి అగ్నిమాపక కేంద్రముతో నేరుగా సంబంధముండును. ఎండుమిరపకాయలు నల్లబడునంతవరకు పోపును మరచినచో మేడంతయు ఖాళీ చేయవలసి వచ్చును. కిటికీ తెరచి, సెగ తగ్గించి, ఆవాలు చిటపటలాడగానే మూతవేయుట అచ్చట రుచికే గాక ఇరుగుపొరుగు సౌఖ్యమునకును అవసరము.

అపోహ: జర్మనులు ముభావులు; వారితో స్నేహము కుదరదు.

వాస్తవము: మౌనమును మనము వైరముగా భ్రమింతుము. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు నిశ్శబ్దము పాటించుటయు, ఆదివారము దుకాణములు మూసియుంచుటయు అచ్చటి నాగరికతలో భాగములు. ఆదివార విశ్రాంతిని 1919 నాటి వైమార్ రాజ్యాంగము రక్షించినది. ఆ నిబంధననే 1949 నాటి రాజ్యాంగమును నిలిపినది. శనివారము సాయంకాలమే బియ్యమును, పాలును తెచ్చుకొనుట అలవాటైనచో ఆ నిశ్శబ్దమే చదువునకు మేలగును. దారిలో పలుకరింపని మనిషియే, గురువారము ఆరుగంటలకు కలిసి వండుకొందమని మాట యిచ్చినచో, ఆరుగంటలకు తలుపు తట్టును. మనకు జర్మను నేర్పి, మననుండి మన భాష నేర్చుకొనువారితో జంటగా కూర్చుండు ‘టాండెమ్’ పద్ధతియు, విశ్వవిద్యాలయపు ఆటల తరగతులును స్నేహమునకు రాచబాటలు.

ఒంటరితనము మాత్రము అపోహ కాదు. దానికి ఋతువు కూడ కలదు. అక్టోబరు చివరి ఆదివారమున గడియారములు ఒక గంట వెనుకకు జరుగును. అప్పుడు మనకును వారికిని నడుమ మూడున్నర గంటల తేడా నాలుగున్నర గంటలగును. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు మాత్రమే. ఇచ్చట రాత్రి తొమ్మిదింటికి తల్లి ఫోను చేయువేళకు అచ్చట సాయంకాలము నాలుగున్నరయే, అప్పటికే చీకటి క్రమ్ముచుండును. ఆ దినములలో ఆమె కంఠము ఆ గదికి దీపము వంటిది. ఆ వేళ ఎంత సంపాదించితివని గాని, ఇంకను ఉద్యోగము రాలేదా యని గాని అడుగవలదు. ఈ పూట ఏమి వండుకొంటివి, ఎవరితో భుజించితివి అని అడుగుడు. విద్యార్థి క్షేమము ఆ రెండు జవాబులలోనే తెలియును.

తల్లిదండ్రులకు నా మనవి యిదియే: బిడ్డ విమానమెక్కుటకు ముందు పప్పు వండుట, బట్టలు ఉదుకుకొనుట, నెలకు 992 యూరోలను పద్దువ్రాసి ఖర్చుపెట్టుట నేర్పుడు. విద్యార్థులారా, అచ్చట దిగిన మొదటి దినముననే తపాలాపెట్టెపై మీ పేరు అంటించుడు.