వెలుగుతో కోసే యంత్రం

మైసూరుపాకు పళ్ళెంలో పోసి ముక్కలుగా కోయటం మీరంతా చూసే ఉంటారు. మొదటి గీత కాస్త వంకరగా పడిందనుకోండి, తరవాతి గీతలన్నీ దాని వెంటే వంకరపోతాయి. చివరకు అంచున ముక్కా కాని, పొడీ కాని తునకలు మిగులుతాయి. అవి మీ వంతుకే వస్తాయి గనక మీకు దిగులు లేదు. కాని కోసేది ప్లైవుడ్ అయితే ఆ తునకలను ఎవరు తింటారు?

ఈ సంగతి నాకు ఈమధ్య బాగా తెలిసివచ్చింది. మా వీధి చివర ఉన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాల బిళ్ళలు చేయించి ఇస్తానని మాట ఇచ్చాను. ఒకవైపు అక్షరం, రెండోవైపు ఆ అక్షరం ఉన్న మాటకు బొమ్మ. (ఙకూ, ఞకూ బొమ్మ వెతకటం ఎంత కష్టమో తరవాత గాని తెలియలేదు!) గుణింతాలు కొన్ని కలుపుకుని మొత్తం 96 బిళ్ళలు. బడి తెరవటానికి నాలుగు రోజులే ఉన్నది. కొన్న ప్లైవుడ్ షీట్లు రెండే. ఒక్కొక్కటి 600 మి.మీ. పొడుగు, 400 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం. వాటిని పట్టుకుని, మనుమరాలిని వెంటబెట్టుకుని, లేజరు యంత్రం ఉన్న ఒక కార్ఖానాకు వెళ్ళాను.

లేజరు యంత్రంలో రంపం ఉండదు. ఒక గాజుగొట్టంలో కార్బన్ డయాక్సైడు మొదలైన వాయువులు నింపి ఉంటాయి. దానిలోకి విద్యుత్తు పంపితే కంటికి కనిపించని పరారుణ కిరణం పుడుతుంది. ఇలాంటి లేజరును 1964లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో మొదట తయారుచేసినవారు కుమార్ పటేల్. ఆయన పుట్టినది మహారాష్ట్రలోని బారామతిలో. ఆ కిరణం మూడు అద్దాల మీద పడి మళ్ళుతూ వచ్చి, కటకం గుండా దూరి, సన్నని చుక్కగా షీటు మీద పడుతుంది. చుక్క తగిలినచోట కొయ్య మాడి ఆవిరైపోతుంది. కటకం ఉన్న భాగాన్ని తల అంటారు. తల నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిస్తే షీటు తెగుతుంది. వేగంగా, తక్కువ బలంతో నడిస్తే పైపైన చెక్కుతుంది.

ఒక్క హెచ్చరిక. ఆ కిరణం కంటికి కనిపించదు గాని కన్ను పోగొట్టగలదు. కనక మూత వెయ్యకుండా యంత్రాన్ని నడపరాదు. కొయ్య అంటుకోవచ్చు గనక అది నడిచినంతసేపూ పెద్దవాళ్ళు దగ్గరే ఉండాలి. పి.వి.సి. ప్లాస్టిక్‌ను దానిలో ఎన్నడూ పెట్టకూడదు. విషవాయువు వస్తుంది.

ఇక నా తెలివి సంగతి వినండి. ఆ యంత్రం పని చెయ్యగల మేర కూడా 600కు 400 అని దాని మీదనే రాసి ఉన్నది. బిళ్ళ 50 మి.మీ. అయితే అడ్డంగా 12, నిలువుగా 8, పన్నెండు ఎనిమిదులు 96! లెక్క ఇంత చక్కగా కుదిరిందని మురిసిపోయాను.

"మాస్టారూ, అంచుల్లో ఏమీ వదలలేదే?" అన్నాడు యంత్రం నడిపే కుర్రవాడు.

"లెక్క సరిపోయింది గదా నాయనా, కానియ్యి," అన్నాను.

షీటును కంటి అంచనాతో బల్ల మీద పెట్టాం. కొంతసేపటికి తల కుడివైపు గోడకు తగిలి కటకటమని చప్పుడు చేసింది. అక్కడి నుంచి ప్రతి అక్షరమూ తన గడిలో ఉండక పక్కకు జరిగింది. కోత మొదలయ్యాక చూస్తే, కింది వరసలో కుడివైపు బిళ్ళలకు అడుగు అంచే లేదు. ఒక షీటు కాస్తా పోయింది.

"తాతయ్యా, దానికి షీటు ఎక్కడున్నదో కనిపించదా?" అని అడిగింది మా మనుమరాలు.

అసలు కీలకం ఆ ప్రశ్నలోనే ఉన్నది. కెమెరా అమర్చినవి కొన్ని ఉన్నా, ఇలాంటి మామూలు యంత్రానికి కళ్ళు లేవు. స్విచ్చి వెయ్యగానే తల ఒక మూలకు పోయి అక్కడి చిన్న మీటను తాకుతుంది. అదే దానికి సున్నా. ఆపైన అంతా లెక్కే, ఇటు ఇన్ని అడుగులు, అటు ఇన్ని అడుగులు అని. గోడకు తగిలి నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, వేశాననే అనుకుంటుంది. మా అక్షరాలు జరగటానికి కారణం అదే. షీటు ఎక్కడ ఉన్నదో, తిన్నగా ఉన్నదో లేదో దానికి తెలియదు. షీటు మూలను దాని సున్నాతో కలపటం మన పని.

వంకర ఎంత ఉంటే ఎంత నష్టం? మీ కోణమానినిలో ఒక డిగ్రీ ఎంత చిన్నదో చూడండి. షీటు ఒక మూల దగ్గర సరిగా ఉండి, ఒక్క డిగ్రీ తిరిగి ఉంటే, 600 మి.మీ. అవతల అంచు 10 మి.మీ.కు పైగా తప్పుతుంది. మాది అర డిగ్రీయే అయి ఉంటుంది. అయినా 5 మి.మీ. పోయింది.

రెండో షీటును వెంటనే తియ్యలేదు. ముందు ఒక పాత అట్టను బల్ల మీద కదలకుండా అతికించాం. అది షీటు కన్న పెద్దది. తక్కువ బలంతో, తల ఎంతవరకు పోగలదో అంతవరకు అట్ట మీద దీర్ఘచతురస్రం గీయించాం. కొలిస్తే 597కు 400 ఉన్నది! రాసి ఉన్న కొలత ఒకటి, తల నడిచే కొలత ఒకటి. సున్నా మూల దగ్గర ఆ గీతల వెంట రెండు కర్రబద్దలు బిగించాం. ఎర్రచుక్క చూసి పెట్టవచ్చు గదా అని మీరనవచ్చు. మా యంత్రంలో ఆ ఎర్రదీపం వేరు, కోసే కిరణం వేరు. రెండింటికీ కొద్ది మి.మీ. తేడా ఉన్నది. అట్ట మీది గీత కిరణమే గీసింది గనక దానిలో పొరపాటు లేదు.

షీటును బద్దలకు ఆనించేముందు మూలమట్టంతో దాని మూలలు చూశాం. దుకాణంలో కోసిన షీట్లు అన్నీ నలుచదరంగా ఉండవు. మూలమట్టం లేకపోతే ఒక అంచున 30 సెం.మీ., పక్క అంచున 40 సెం.మీ. గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య కొలవండి. 50 వస్తే ఆ మూల సరైనది. ఎందుకో ఎనిమిదో తరగతివాళ్ళను అడగండి.

మరి 96 బిళ్ళలు పట్టేదెలా? చుట్టూ 5 మి.మీ. వదిలితే మిగిలేది 590కి 390. దానిలో 50 మి.మీ. బిళ్ళలు అడ్డంగా 11, నిలువుగా 7 మాత్రమే పడతాయి. అంటే 77. పందొమ్మిది అక్షరాలు ఎగిరిపోయినట్టే! మనుమరాలు పలక మీద లెక్కవేసి, "48 చెయ్యి తాతయ్యా," అన్నది. పన్నెండు నలభై ఎనిమిదులు 576, ఎనిమిది నలభై ఎనిమిదులు 384. అన్నీ పట్టగా పక్కల 12, పైనా కిందా 8 మిగిలాయి. యాభైలో రెండు తగ్గించటం నాకు తట్టనే లేదు.

పక్కల ఆ చోటు అవసరం కూడా. దుక్కి దున్నేటప్పుడు గట్టు దగ్గర ఎద్దులు తిరగటానికి కాస్త చోటు కావాలి గదా? చెక్కేటప్పుడు తల కూడా అంతే. వేగంగా పోయి, గీత దాటాక ఆగి, వెనక్కు తిరగాలి. అందుకే కోత అంచు దాకా వెళ్ళగలిగినా చెక్కడం అంతదాకా పోలేదు.

ముందు అక్షరాలన్నీ చెక్కించాం, ఆ తరవాతనే కోయించాం. ముందే కోస్తే బిళ్ళలు కదిలిపోతాయి. రెండు బిళ్ళలకు మధ్య గీత ఒక్కటే. కంప్యూటరులో అది రెండుసార్లు పడితే అంచు నల్లగా మాడిపోతుంది.

రెండోవైపు బొమ్మలకు మళ్ళీ షీటును అమర్చాలి గదా అని నేను భయపడుతుంటే, కుర్రవాడు నవ్వి, "చట్రం కదిలించకండి మాస్టారూ," అన్నాడు. బిళ్ళలు తెగాక చుట్టూ మిగిలిన చట్రం బల్ల మీదనే ఉన్నది. బిళ్ళలను ఒక్కొక్కటే తిరగేసి దానిలోనే పేర్చి, సున్నా మూలకు జరిపాం. అయితే కిరణం ప్రతి గీతలోనూ 0.2 మి.మీ. కొయ్యను తినేస్తుంది. బిళ్ళ నిజానికి 47.8 మి.మీ. మాత్రమే. బొమ్మలను 48 దూరంలో చెక్కిస్తే పన్నెండో బిళ్ళ దగ్గరకు వచ్చేసరికి బొమ్మ 2 మి.మీ.కు పైగా పక్కకు జరుగుతుంది. అందుకని బొమ్మల దూరాన్ని 47.8కి మార్చాం.

బడి తెరిచిన ఉదయం 96 బిళ్ళల డబ్బా ఒకటో తరగతికి చేరింది. చట్రం మాత్రం మా మనుమరాలు ఎవరికీ ఇవ్వలేదు. దానిలో భారతదేశ పటం అతికించి గోడకు తగిలించుకున్నది.