పరిటాల సీమ – నిజాము తపాలా బిళ్లలు

మన యిండ్లలోని పాత పెట్టెలను సర్దునపుడు పసుపువన్నెకు మాఱిన జాబులు కనఁబడుట కలదు. అందలి తపాలా బిళ్లను మనము చూతుమా?

విజయవాడ నుండి హైదరాబాదునకుఁ బోవు త్రోవలో, కంచికచర్లకు ముందు పరిటాల యున్నది. 1766లో నిజాము ఉత్తర సర్కారులను ఆంగ్లేయుల కిచ్చినపుడు, వజ్రపు గనులు గల యీ సీమను తనకే యుంచుకొనెను. అందుచే చుట్టును కృష్ణాజిల్లా, నడుమ నిజాము పాలన!

ఆ నిజాము సంస్థానమునకు సొంత తపాలా యుండెను. 1869లో మొదటి బిళ్ల, ఒక యణా వెలది, వెలువడెను. 1931 నాఁటి బిళ్లలపై చార్మినారు, ఉస్మానుసాగరము, అజంతా గుహాద్వారము మొదలగు చిత్రము లచ్చొత్తిరి. 1947లో మన యోరుగల్లు కోట తోరణమును బిళ్ల కెక్కెను. రాజభాష ఉర్దూయే యైనను, బిళ్ల వెలను ఉర్దూ, ఆంగ్లము, తెలుఁగు, మరాఠీ లిపులు నాల్గింటను ముద్రించిరి. కచ్చేరి కాగితము చదువలేని తెలుఁగు ఇల్లాలు సయితము బిళ్ల వెలను తానే చదువుకొనఁగలిగెను. ఇది స్వల్ప విషయము కాదు.

అయితే ఆ బిళ్ల సంస్థానపు ఎల్ల దాఁటిన చెల్లదు. వరంగల్లు నుండి ఖమ్మమునకు జాబును జేర్చు బిళ్ల, ఖమ్మము నుండి చెంతనున్న నందిగామకుఁ జేర్పలేదు. ఖమ్మమునఁ గాపురమున్న కూఁతురు నందిగామలోని తల్లికి క్షేమము వ్రాయవలెనన్న, బ్రిటిషిండియా బిళ్ల కొనవలసినదే. మాట యొక్కటే, చుట్టఱిక మొక్కటే. బిళ్లలు మాత్రము రెండు.

1947లో పరిటాల ప్రజలు నిజాము పాలనను ద్రోసిపుచ్చి తమది స్వతంత్ర గణరాజ్యమని చాటిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమునఁ గలసెను. 1950లో పరిటాల సీమ కృష్ణాజిల్లాలోఁ జేరెను. ఆ యేఁటనే నిజాము బిళ్లల వాడుకయు ముగిసెను. నేఁడు పరిటాల ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది.

కావున పాత జాబు దొరికినపుడు పిల్లల ముచ్చటకై బిళ్లను చించి యీయకుఁడు, నీటిలో నానవేయకుఁడు. కవరుతోఁ గూడ, తెల్లకాగితముల నడుమ, చెమ్మయు నెండయుఁ దగులనిచోట దాఁచుఁడు. బిళ్ల రాజెవ్వరో చెప్పును. దానిపై పడిన ముద్ర యూరును, దినమును జెప్పును. లోని జాబు మన అవ్వల మనస్సును జెప్పును. ఈ మూఁడును గలసి యున్ననే యది చరిత్ర. విడఁదీసిన వట్టి కాగితపు ముక్కలు.